బండి కబుర్లు: మోకాలు సంగతి తర్వాత, ముందు నడుము చూసుకో

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మూడేళ్లుగా యమహా ఆర్15 బండి నడుపుతున్నాను. ఈ జనవరిలో చెన్నై ట్రాక్‌కి వెళ్లి నేర్చుకోవాలని 50 వేలు దాచాను. ముందు ఎగ్జాస్ట్, టైర్లు మార్చి, మిగిలిన దాంతో జాకెట్, గ్లౌజులు కొందామని ఆలోచన. మలుపులో మోకాలు నేలకి తగిలేలా బండి వంచడం ఎన్ని రోజుల్లో వస్తుంది?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తమ్ముడూ, నీ లిస్టు తలకిందులుగా ఉంది. ఎగ్జాస్ట్ మాట ఇక ఎత్తకు. ఆటోనగర్‌లో అవి బిగించి నాలుగు డబ్బులు సంపాదించుకున్నవాణ్ని, నేనే చెబుతున్నాను.

నువ్వు చెప్పే చెన్నై ట్రాక్ ఉన్నది ఇరుంగాట్టుకోట్టైలో. నేను మొదటిసారి దాన్ని ఎక్కింది 38వ ఏట. జాకెట్ వేరు, ప్యాంటు వేరు ఉన్న సెట్టు కొనుక్కుని వెళ్లాను. రెండింటినీ కలిపే జిప్పు వీపు వైపు జానెడే ఉంది. అమ్మినాయన 'ఇది చాలు సార్, అందరూ ఇదే వాడతారు' అన్నాడు. మధ్యాహ్నం ఒక నెమ్మది మలుపులో ముందు చక్రం జారింది. పెద్ద స్పీడు కూడా కాదు. నేను వెల్లకిలా జారుతుంటే ఆ జానెడు జిప్పు ఊడి, జాకెట్ పైకి మడుచుకుపోయింది. తర్వాత చూస్తే జాకెట్ మీద చిన్న గీత కూడా లేదు. ఎందుకుంటుంది, అది నా నడుం మీద ఉంటే కదా! అరచేతి వెడల్పున చర్మం పోయింది. పన్నెండు రోజులు బోర్లా పడుకున్నాను.

అందుకే తోలు సూటు కొంటే వన్ పీస్ కొను, అంటే జాకెట్, ప్యాంటు కలిపి కుట్టింది. టూ పీస్ కొంటే జిప్పు నడుం చుట్టూ పూర్తిగా తిరగాలి. అద్దం ముందు నిలబడి చూసుకుని కొనొద్దు. మంచి ట్రాక్ సూటు వేసుకుని నిటారుగా నిలబడితే భుజాలు కిందికి లాగుతాయి, ముసలాయనలా వంగి నడవాల్సి వస్తుంది. బండి మీద ట్యాంకుకి ఆనుకుని కూర్చున్నప్పుడే అది ఒంటికి కుదురుతుంది. కాబట్టి షాపుకి బండి మీదే వెళ్లు, సూటు వేసుకుని బండెక్కి వంగి చూడు. మోకాలి గార్డు మోకాలి మీదే ఉందా, పక్కకి తిరిగిపోతోందా అని చేత్తో పట్టి తిప్పి చూడు. లోపలి గార్డులు బయటికి తీసి లేబుల్ చదువు. భుజం, మోచెయ్యి, మోకాలికి ఈఎన్ 1621-1 అని, వీపుకి ఈఎన్ 1621-2 అని ఉండాలి, ఇవి గార్డులకి యూరప్ ప్రమాణాలు. వీపుకి లెవెల్ 2 (దెబ్బని ఎక్కువగా ఆపేది) దొరికితే అదే తీసుకో. లేబుల్ లేని స్పాంజి ముక్క దిండులోకి పనికొస్తుంది.

నీ 50 వేలలో ఇవన్నీ రావు, నాకు తెలుసు. కొన్ని శిక్షణ సంస్థలు సూటు అద్దెకిస్తాయి. ఫీజు కట్టే ముందే అడుగు. మొదటిసారికి అద్దె సూటు చాలు. నీ డబ్బు ఫీజుకి, హెల్మెట్‌కి, గ్లౌజులకి, బూట్లకి పెట్టు. నా మటుకు నేను హెల్మెట్ ఎవరి దగ్గరా అరువు తీసుకోను. అది ఇంతకు ముందు ఎన్నిసార్లు కింద పడిందో ఎవరికి తెలుసు?

హెల్మెట్ ఫుల్ ఫేస్ ఉండాలి, పట్టీకి రెండు రింగులది అయితే మేలు. రోడ్డుకి ఐఎస్ఐ ఎలాగూ తప్పనిసరి. ట్రాక్‌కి ఈసీఈ 22.06 (హెల్మెట్లకి యూరప్ ప్రమాణం) ముద్ర కూడా ఉన్నది చూడు. తలకి పెట్టుకుని గడ్డం దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పితే బుగ్గలు కూడా దాంతోపాటు కదలాలి. పట్టీ బిగించాక వెనక నుంచి ముందుకి ఎత్తి లాగితే ఊడిరాకూడదు. గ్లౌజులు మణికట్టు దాటి సూటు చేతిని కప్పాలి, బూట్లు చీలమండని పక్కకి మెలిక పడనివ్వకూడదు.

ఇక నేర్చుకోవడం. అమెరికా శిక్షకుడు కీత్ కోడ్ పెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ 2010లో మొదటిసారి ఈ ట్రాక్‌కి వచ్చింది. దాంట్లో మొదటి పాఠం మోకాలి గురించి కాదు, థ్రాటిల్ (యాక్సిలరేటర్) గురించి. ఒకటే గేరు, బ్రేకు ముట్టుకోకూడదు. మలుపులోకి ఎంత స్పీడులో వెళ్లాలో కంటితోనే తేల్చుకోవాలి, ఒకసారి థ్రాటిల్ తెరిచాక మలుపు అయ్యేదాకా కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలే తప్ప మూయకూడదు. వినడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది. సీ వన్ అనే మొదటి మలుపులోకి ఐదో ల్యాప్‌లో వెళ్తుంటే తెలుస్తుంది, చెయ్యి దానంతట అదే మూసేస్తుంది! అక్కడ మలుపులకి పేర్లు అవే, సీ వన్ నుంచి సీ ట్వెల్వ్ దాకా. ట్రాక్ ఒక చుట్టు మొత్తం 3.7 కిలోమీటర్లు.

చేతులు బిగుసుకుపోతున్నాయేమో తెలుసుకోవడానికి ఒక చిట్కా. మలుపు మధ్యలో మోచేతులు కోడి రెక్కల్లా ఆడించి చూడు. ఆడకపోతే నువ్వు హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నావని లెక్క. రోడ్డు మీద గుంతని చూస్తూ పోతే గుంతలోనే పడతాం కదా, ఇక్కడా అంతే, కన్ను ఎటు పోతే బండి అటు. అద్దాలు విప్పించేస్తారు, లైట్లకి టేపు వేయిస్తారు. కంగారు పడకు. వెనక నుంచి దాటేవాడే జాగ్రత్తగా దాటాలి, నువ్వు నీ గీత మీద నువ్వు వెళ్లు. మోకాలు ఎప్పుడో ఒకరోజు అదే తగులుతుంది. ఎన్ని రోజులకి అని అడక్కు, నాకు రెండో ఏడు తగిలింది.

బండికి కొత్త బ్రేకు ప్యాడ్లు, కొత్త బ్రేకు ఆయిల్, సరైన చైను చాలు. బ్రేకు ఆయిల్ పాతదైతే నాలుగో ల్యాప్‌కే లివర్ మెత్తబడుతుంది. నెల్లూరు నుంచి నడుపుకుంటూ వెళ్లి, రోజంతా ట్రాక్ మీద తిప్పి, రాత్రికి మళ్లీ నడుపుకుంటూ రావొద్దు. బండిని టాటా ఏస్‌లో ఎక్కించు. ఇన్సూరెన్స్ పాలసీ కాగితం కూడా ఒకసారి చదువు, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వర్తించవని రాసి ఉంటుంది. ట్రాక్ మీద విరిగిన ప్రతి ప్లాస్టిక్కూ నీ జేబులోదే.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు, కేటీఎం ఆర్సీ 200 బండి ఉంది. ట్రాక్ శిక్షణకి వెళ్తానంటోంది. వాళ్ల నాన్న నాలుగు రోజులుగా దానితో మాట్లాడటం లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది. పంపమంటారా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. మణికట్టు, కాలర్ బోన్ విరిగినవాళ్లను చూశాను. కానీ ఆ అమ్మాయికి స్పీడు మీద మనసుంటే అది రోడ్డు మీదైనా బయటపడుతుంది. అక్కడ ఎదురొచ్చే లారీ ఉంటుంది, గేదె ఉంటుంది, డివైడర్ ఉంటుంది. ట్రాక్‌లో అందరూ ఒకే వైపు పోతారు, పడితే పసుపు జెండా ఊపే మనిషి ఉంటాడు. మీరు అడగాల్సినవి రెండే. రోజంతా అంబులెన్స్ అక్కడే ఉంటుందా? కొత్తవాళ్లని విడిగా ఒక గ్రూపుగా పంపుతారా? జవాబు తిన్నగా రాకపోతే పంపొద్దు.

సూటు విషయంలో మాత్రం పట్టుబట్టండి. మగవాళ్ల కొలతల సూటు అమ్మాయిలకి తుంటి దగ్గర పట్టేసి భుజాల దగ్గర వదులవుతుంది, పడినప్పుడు మోచేతి గార్డు పక్కకి తిరిగిపోతుంది. ఆడవాళ్ల కటింగ్ ఉన్నదైనా కొనండి, కొలతలిచ్చి అయినా కుట్టించండి. మీ వారికి బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే సంగతి చెప్పండి. 2019లో ఎఫ్ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) బాహా ప్రపంచ కప్పు మహిళల విభాగంలో గెలిచింది. అది ఎడారి దారుల పోటీ, ట్రాక్ కాదు, అయినా ఆయన మాట్లాడటానికి పనికొస్తుందేమో.

వీలైతే మీరిద్దరూ కూడా వెళ్లండి. చెమటకి తోలు ఒంటికి అంటుకుపోతుంది, సూటు విప్పాలంటే వెనక నుంచి చేతులు లాగడానికి ఇంకో మనిషి కావాలి. ఆ పని మీది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు ఎక్కువే తీసుకెళ్లండి. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య టైర్లలో గాలి చూసే పని వాళ్ల నాన్నకి అప్పగించండి.