ఏసీ ఆఫీసులో సిగరెట్ పొగ.. కడుపులో బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 28. ఇప్పుడు అయిదో నెల. విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా సార్ క్యాబిన్ తలుపు వేసుకుని సిగరెట్లు కాలుస్తారు. ఏసీ అందరికీ ఒకటే కావడంతో వాసన మా సీట్ల దాకా వస్తుంది. సాయంత్రానికి కళ్ల మంట, తలనొప్పి. మాస్క్ పెట్టుకుంటే సరిపోతుందా? బిడ్డకేమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ఇన్నాళ్లూ పీల్చిన పొగతో బిడ్డకు ఏదో అయిపోయిందని కంగారు పడకండమ్మా. కానీ ఇకమీదట ఆ పొగ మీకు తగలకూడదు.

వాసన వస్తోందంటే పొగ వస్తున్నట్టే. అందులో 7,000కు పైగా రసాయనాలుంటాయి. గర్భిణుల విషయంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది కార్బన్ మోనాక్సైడ్. అది రక్తంలో ఆక్సిజన్‌ను మోసుకెళ్లే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ మేరకు బిడ్డకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. రోజూ పక్కవాళ్ల పొగ పీల్చే తల్లులకు తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ప్రమాదం పెరిగేది ఇలాంటి కారణాల వల్లే. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎలాగూ ఎక్కువ. ఈసారి చెకప్‌లో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, పొగ సంగతి గైనకాలజిస్టుకు చెప్పండి. తలనొప్పి మాత్రం పొగ వల్లేనని మీకు మీరే తేల్చేసుకోవద్దు. అయిదో నెల దాటాక బీపీ పెరిగినా తలనొప్పి వస్తుంది. వెంటనే బీపీ చూపించుకోండి.

మాస్క్ సరిపోదు. ఎన్‌95 కూడా సన్నటి నుసిని ఆపుతుందే గానీ కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాయువులను ఆపలేదు. రూమ్ స్ప్రే వాసనను కప్పేస్తుందంతే. తలుపు వేసినా ఏసీ ఆ గాలినే తిప్పి తిప్పి పంపుతుంది. లోపల ఎవరూ కాల్చకపోవడం ఒక్కటే దారి.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ప్రైవేటు ఆఫీసు కూడా బహిరంగ ప్రదేశమే. సొంత క్యాబిన్ అనే మినహాయింపు లేదు. ఉల్లంఘిస్తే 200 రూపాయల దాకా జరిమానా. ‘ఇక్కడ పొగ తాగడం నేరం’ అనే బోర్డు గుమ్మం దగ్గర పెట్టించాల్సింది కూడా యజమానే.

అయినా జీతమిచ్చే మనిషితో చట్టం మాట్లాడటం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే మీ గైనకాలజిస్టు చేత, పొగకు దూరంగా ఉండాలని ఒక కాగితం రాయించుకోండి. తోటి ఉద్యోగిని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి, అది సార్ చేతికివ్వండి. తలుపు వేసుకుంటే పొగ బయటికి రాదని చాలామంది నిజంగానే నమ్ముతారు. మీ ఇబ్బంది తెలిస్తే ఆయన కిందికెళ్లి కాల్చుకోవచ్చు. అప్పటిదాకా ఆయన సిగరెట్ వెలిగించగానే మీరు బయటి గాలిలోకి వెళ్లండి, వీలైన రోజుల్లో ఇంటి నుంచి పని అడగండి.

ఆయనకు మానేయాలని ఉంటే 1800-11-2356కు ఫోన్ చేయమనండి. సిగరెట్ మానడానికి సాయపడే ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరది. ఆ కాగితం వెనకే రాసి ఇవ్వండి.