మీ అమ్మ చేతికి రిమోట్ ఇచ్చి చూడు

చిట్టీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. టీవీలో సినిమాలు చూద్దామని కలిపి, టీవీ కింద అరలో పెట్టిన ఆ చిన్న డెస్క్‌టాప్, దాని ముందు వైరున్న పెద్ద కీబోర్డు, సోఫా చేతి మీద మౌస్. మౌస్ కింద ప్యాడ్‌కి బదులు పుస్తకం పెట్టావు చూడు, నవ్వొచ్చింది. నేనూ సరిగ్గా అలాగే మొదలుపెట్టాను.

ప్రాసెసర్ ఏది ఉండాలి, ర్యామ్ ఎంత వెయ్యాలి అని నాలుగు ప్రశ్నలు అడిగావు. చెప్తాను. కానీ నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. నువ్వు ఇంట్లో లేనప్పుడు మీ అమ్మ దాంట్లో సినిమా పెట్టుకోగలదా? మా ఇంట్లో మొదటి ఆరు నెలలు మీ అత్తయ్య వల్ల కాలేదు. నేను బయటికెళ్తే ఆ కంప్యూటర్ డబ్బా ఆఫ్‌లోనే ఉండేది.

ముందు హార్డ్‌వేర్ సంగతి తేల్చేద్దాం. సినిమా ఆడటానికి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. ఆ వీడియో ఫార్మాట్‌ని విప్పే ఏర్పాటు చిప్‌లోనే ఉందా లేదా అన్నదే ముఖ్యం. 4కె హెచ్‌డీఆర్ (బాగా స్పష్టంగా, వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే) సినిమాలు ఎక్కువగా 10-బిట్ హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. ఇంటెల్ కోర్ చిప్‌ల్లో ఏడో తరం నుంచి దానికి ఏర్పాటు ఉంది. ఏవీ1 అనే ఇంకో కొత్త ఫార్మాట్ వీడియోలకైతే పదకొండో తరం కావాలి. అది లేని చిప్ మీద ఆడిస్తే భారమంతా సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది, ఫ్యాను గోల పెడుతుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ర్యామ్ 8 జీబీ చాలు. లోపల మాత్రం ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) ఉండాలి, స్పీడు కోసం ఒక్కటే కాదు. సినిమాలో అందరూ ఊపిరి బిగబట్టిన సీన్‌లో అరలోంచి పాత హార్డ్ డిస్క్ గరగరమంటే ఎంత చిరాకో నాకు తెలుసు.

వైరు దగ్గర కాస్త జాగ్రత్త. ఆఫీసుల్లోంచి వచ్చే చిన్న డబ్బాలకి చాలావాటికి మానిటర్లకి వాడే డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది, టీవీలకి వాడే హెచ్‌డీఎంఐ ఉండదు. ఉన్నా అది పాత 1.4 రకం కావచ్చు. అందులో 4కె బొమ్మ సెకనుకి 30 సార్లకి మించి రాదు. మౌస్ కదిపినప్పుడు పాయింటర్ వెనకబడి ఈడ్చుకుంటూ వస్తున్నట్టుంటే నీది అందులోనే ఉన్నట్టు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి మార్చుకునేటప్పుడు 4కె 60 అని రాసున్న యాక్టివ్ అడాప్టర్ (సిగ్నల్‌ని మార్చే చిప్ లోపలే ఉన్నది) తీసుకో. చవక పాసివ్ రకంతో చాలాసార్లు మళ్ళీ ఆ 30 దగ్గరే ఆగిపోతావు.

బొమ్మ వచ్చాక కింద టాస్క్‌బార్ సగం తెగిపోయి కనిపిస్తుంది చూడు, అందరూ అక్కడే హడలిపోతారు. డబ్బా తప్పు కాదది. పాత గాజు టీవీల కాలంలో బొమ్మ అంచులు సరిగ్గా ఉండేవి కావని కొంచెం పెద్దది చేసి అంచులు కోసేసేవారు. ఆ అలవాటు ఇప్పటి టీవీలకీ పోలేదు. టీవీ మెనూలో పిక్చర్ సైజు దగ్గర జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో, 1:1 అనో ఉంటుంది. అది పెట్టు. కంప్యూటర్ వైపు నుంచి బొమ్మని కుదించకు, అక్షరాలు అలుక్కుపోతాయి. నలుపు బూడిద రంగులో కనిపించినా, చీకటి సీన్లలో ఏమీ కనపడకపోయినా ఆర్‌జీబీ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా రంగుల అంకెల హద్దు) చూడు. టీవీ 16 నుంచి 235 వరకు లెక్కపెట్టుకుంటుంటే కంప్యూటర్ 0 నుంచి 255 పంపుతూ ఉంటుంది, లేదా తిరగేసి. రెండు వైపులా ఒకటే ఉండాలి.

ఇంకోటి, నాకు చాలా ఇష్టమైన సెట్టింగు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. కంప్యూటర్ మామూలుగా టీవీకి పంపేది 60. ఇరవై నాలుగుని అరవైలో సమంగా పంచలేం కాబట్టి ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడుతుంది. కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్ ఒకటి పెట్టి స్తంభాలనో తలుపు అంచులనో చూడు. చిన్నచిన్న కుదుపులు కనిపిస్తాయి. సినిమాలు ఆడించే కోడీ అనే ప్రోగ్రామ్‌లో ప్లేయర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, వీడియోకి తగ్గట్టు రిఫ్రెష్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ పంపాలన్నది) మార్చుకునే ఆప్షన్ ఆన్ చెయ్యి. టీవీలో మోషన్ స్మూతింగ్, అంటే ఫ్రేముల మధ్య కొత్తవి కల్పించి కదలికని నునుపు చేసేది, ఆపెయ్యి. సినిమాని సీరియల్‌లా చేసేది అదే.

కోడీ ఎందుకంటున్నానంటే, అది పుట్టిందే ఎక్స్‌బాక్స్ గేమ్ పెట్టె కోసం, 2002లో. ఎక్స్‌బీఎంసీ అనేవారు, 2014లో ఈ పేరు పెట్టారు. మొదటి నుంచీ కంట్రోలర్ చేత్తో పట్టుకుని దూరంగా కూర్చున్నవాళ్ళ కోసం కట్టింది కాబట్టి నాలుగు బాణాలు, ఒక ఓకే, ఒక బ్యాక్, వీటితో మొత్తం తిరగొచ్చు. అంటే రిమోట్ చాలు. ఇక్కడే మీ అమ్మ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. టీవీ రిమోట్‌నే వాడనిచ్చే సీఈసీ అనే పద్ధతి హెచ్‌డీఎంఐలో ఉంది, కానీ మామూలు కంప్యూటర్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్‌లో ఉంటుంది. నీ డబ్బాకి యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ గానీ, మూల పడేసిన ఏ రిమోట్ బటన్లనైనా నేర్చుకునే ఐఆర్ రిసీవర్ గానీ పెట్టాలి. తర్వాత పాస్‌వర్డ్ అడగకుండా లాగిన్ అయ్యేలా, అయిన వెంటనే కోడీ తెరుచుకునేలా చెయ్యి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే మొదట వచ్చే సెట్టింగుల్లో) కరెంటు పోయి వస్తే తనంతట తను ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటుంది, అదీ పెట్టు. విండోస్ అయితే యాక్టివ్ అవర్స్ (అప్‌డేట్ల కోసం తనంతట తను రీస్టార్ట్ కాకూడని గంటలు) సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఉండాలి. క్లైమాక్స్‌లో రీస్టార్ట్ అయితే మీ అమ్మ ఇంక దాని జోలికి రాదు.

సినిమాల ఫైళ్ళకి పేరు, పక్కన బ్రాకెట్లో సంవత్సరం పెట్టుకుంటే పోస్టర్లు అవే వస్తాయి. తెలుగు సబ్‌టైటిల్స్ పిచ్చి గుర్తుల్లా వస్తే ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8లో సేవ్ చెయ్యి, అక్షరాలకి బదులు ఖాళీ గళ్ళు వస్తే తెలుగున్న ఫాంట్ ఎంచుకో.

కీబోర్డు పూర్తిగా పోదు, ఎప్పుడో ఒకసారి వెతకడానికి కావాలి. టచ్‌ప్యాడ్ ఉన్న చిన్న వైర్‌లెస్‌ది చాలు. దీనితో నేను పడ్డ పాట్లు విను. డబ్బాని టీవీ వెనక బిగించిన మొదటి వారం కీబోర్డుకి పిచ్చెక్కింది. టైప్ చేస్తే మూడక్షరాలకి ఒకటి పడదు, లేకపోతే ఒకే అక్షరం పదిసార్లు పడుతుంది. బ్యాటరీలు మార్చాను. కొత్త కీబోర్డు తెచ్చాను, అదీ అంతే. ఒకరోజు ఏదో కాపీ చేసుకుందామని ఎక్స్‌టర్నల్ డిస్క్ ఊడదీశాను, కీబోర్డు ఠక్కున కుదురుకుంది! యూఎస్‌బీ 3.0లో డిస్క్ పనిచేస్తుంటే వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. కీబోర్డు సిగ్నల్ ఉండేదీ అక్కడే. ఇంటెల్ వాళ్ళు 2012లోనే దీని గురించి రాసిపెట్టారు, నేను చదవలేదంతే. మందేమో మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు. కీబోర్డుతో వచ్చిన యూఎస్‌బీ రిసీవర్‌ని దాని చివర గుచ్చి, టీవీ ముందు అంచు దాకా తెచ్చి టేపుతో అంటించాను. పాత కీబోర్డు ఇప్పటికీ పనిచేస్తోంది, కొత్తది అటక మీదుంది.

ఓటీటీలు కూడా ఇందులోనే చూస్తానంటావేమో. వద్దు. కాపీ రక్షణ కారణంగా బ్రౌజర్‌లో చాలా సర్వీసులు 4కె ఇవ్వవు, 720 దగ్గరో 1080 దగ్గరో ఆపేస్తాయి. లినక్స్ మీద ఇంకా ఇబ్బంది. వాటికి టీవీలో యాప్‌లే మేలు. నీ డబ్బా అసలు పని నీ దగ్గరున్న వీడియోలు, ఇంటి ఫోటోలు, టీవీ యాప్ తెరవలేని ప్రతి పాత ఫైలూ. ఆ పెళ్ళి సీడీలు ఇంకా ఉన్నాయా? కాపీ చేసి పెట్టావంటే మీ అమ్మ ముందు వాటినే అడుగుతుంది.

వైఫై కన్నా ఈథర్నెట్ వైరు వీలైతే అదే లాగు. టీవీ వెనక డబ్బా బిగించడానికి వెసా ప్లేట్ (టీవీ వెనక స్క్రూ రంధ్రాలకి బిగించే పలక) దొరుకుతుంది, నీ టీవీ రంధ్రాల దూరం ఎంతో ముందు కొలుచుకో. గోడకి తగిలించిన టీవీ అయితే ఆ నాలుగు రంధ్రాలూ దానికే సరిపోతాయి, డబ్బా అరలోనే ఉండాలి. ఎక్కడ పెట్టినా సరే, ముందుగా డబ్బా వెనక పోర్టులన్నీ కనపడేలా ఫోటో తీసుకో, లేకపోతే తర్వాత ఏది ఎక్కడుందో వేళ్ళతో తడుముకోవాలి. నాకూ ఒకటి పంపు. అక్కడున్నది ఏ పోర్టో చూసి ఏ అడాప్టర్ కొనాలో చెప్తాను. అప్పటిదాకా ఏమీ కొనకు.

మీ మామయ్య