అల్లుడూ, నీ కామెంట్ల సంగతి

ఏరా అల్లుడూ, మొన్న నువ్వు పంపిన డేటాబేస్ ప్రొసీజర్ (ఎస్‌క్యూఎల్ కోడ్) రెండుసార్లు చదివా. కోడ్ బానే ఉంది, కామెంట్ల దగ్గరే, అంటే మనుషులు చదువుకోడానికి కోడ్ పక్కన రాసే మాటల దగ్గరే, తేడా కొట్టింది. "కస్టమర్ టేబుల్ నుంచి డేటా తెస్తున్నాం" అని రాశావు, కిందనే డేటా తెచ్చే సెలెక్ట్ క్వెరీ కనపడతా ఉంటే మళ్ళీ అదెందుకురా? ఏం చేస్తందో క్వెరీనే చెప్తది, ఎందుకు చేస్తందో నువ్వు రాయాలి.

నాకూ దెబ్బ తిన్నాకే తెలిసింది. ఇక్కడ గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపుకి ఒరాకిల్ డేటాబేస్ మీద లెక్కల ప్రోగ్రామ్ చేశా, స్టాకు రిపోర్టులో గ్రేడ్ 'టి' ఉన్నవి వదిలెయ్ అని ఓ కండిషన్ పెట్టా. టి అంటే తాలు కాయలు, వాటికి వేరే రిపోర్టు ఉంది, నాకు తెలుసుగా అని పక్కన ఒక్క ముక్క రాయలా. నాలుగేళ్ళకి నేనే తెరిచి, టి అంటే టెస్ట్ ఎంట్రీలేమో అనుకుని మొత్తం డిలీట్ కొట్టా. సాయంత్రం గుమస్తా ఫోను, "మా తాలు టిక్కీలు (బస్తాలు) ఏవండీ?" అని. ఇంక తెల్లార్లూ కూచుని బ్యాకప్‌లోంచి ఎక్కించుకోవడమే.

ఇలాంటి కోడ్ లెటర్ల అర్థం ప్రొసీజర్లో కాదు, కాలమ్ మీదే రాయి. ఒరాకిల్లో, పోస్ట్‌గ్రెస్‌లో 'కామెంట్ ఆన్ కాలమ్' అని ఓ కమాండ్ ఉంటది, అది డేటాబేస్‌లోనే ఉండిపోద్ది, నీ ఫైలు పోయినా పోదు.

ఇంకోటి, జావాలో స్ట్రింగులు అతికించి ఒకే లైన్లో క్వెరీ కడతన్నావు కదా, అందులో డాష్ డాష్ (--) కామెంట్ పెట్టావంటే ఆ తర్వాతదంతా కామెంటే, ఏ వరసలో చెప్పే వేర్ కండిషన్ కూడా, డిలీట్ అయితే టేబులంతా ఊడ్చుకుపోద్ది. అక్కడ స్లాష్ స్టార్ (/* */) వాడు, అది మూసినకాడికే ఆగుద్ది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే రెండు డాష్‌ల తర్వాత స్పేస్ కొట్టకపోతే అసలు కామెంట్‌గానే తీసుకోదు.

ఒరాకిల్లో స్లాష్ స్టార్ పక్కన ప్లస్ (/*+) ఉంటే మాత్రం ముట్టుకోమాక, అది హింట్, క్వెరీ ఎలా నడపాలో తేల్చే ఆప్టిమైజర్ చదువుద్ది. కామెంటే కదా అని పీకేస్తే క్వెరీ నత్తనడక నడిచినా నడుస్తది. అందులో స్పెల్లింగ్ తప్పినా ఎర్రర్ రాదు, గమ్మున వదిలేస్తది.

కింద కామెంట్ చేసి పడేసిన ఆ పాత క్వెరీలు తీసెయ్, పాత వెర్షన్లు దాచే గిట్‌లో ఉన్నాయిగా. ఆ 2.5తో గుణించావే, అదెక్కడిదో కనుక్కుని పక్కన రాసిపెట్టు. శనివారం బెజవాడ వస్తన్నా, చూస్తా.

మీ మావయ్య