పట్టుకూ నడుమకూ తేడా ఒక్క దీర్ఘం
మాటల ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు బరంపురం నుంచి జవాబులు

ప్రశ్న: మాది బరంపురంలో నేతపని చేసే కుటుంబం. మా అమ్మాయి డిజైనింగ్ చదివి వచ్చి పట్టుచీరల కొట్టు తెరుస్తోంది. ఇచ్ఛాపురం వెళ్తే మమ్మల్ని ఒడిశావాళ్లంటారు, భువనేశ్వర్ వెళ్తే ఆంధ్రావాళ్లంటారు. అందుకని కొట్టుకు ‘బిట్వీన్’ అనే అర్థం వచ్చే గ్రీకు పేరు పెడతానని పట్టుబట్టింది. ఫోనులో వెతికితే నాలుగు మాటలు కనిపించాయి. మీరు గ్రీకువాళ్ల ఓడల్లో పనిచేశారు కదా, ఏది సరైనదో చెప్పండి. (ఒక తండ్రి, బరంపురం)

జవాబు: అయ్యా, నేను ఇంజన్ రూములో ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి. నాకు వచ్చింది పండితుల గ్రీకు కాదు, గ్రీజు అంటిన గ్రీకు. అయినా ఈ ప్రశ్న వరకు నా దగ్గర సరుకుంది.

ఇద్దరి నడుమ అయితే బిట్వీన్, పదిమంది నడుమ అయితే అమాంగ్ అని మా ఇంగ్లిషు మాస్టారు బెత్తం ఆడిస్తూ చెప్పేవారు. బిట్వీన్ అనే మాట కడుపులోనే ‘రెండు’ ఉంది కాబట్టి ఆ పట్టింపు. తెలుగుకు అది లేదు. ఇద్దరి మధ్య తగాదా అన్నా, పదిమంది మధ్య పరువు అన్నా మనకు ఒకటే ‘మధ్య’. గ్రీకులూ ఈ విషయంలో మనవాళ్లే. వాళ్ల మాట ‘మెతక్సీ’. రెండింటి మధ్యకూ అదే, ఇరవయ్యింటి మధ్యకూ అదే. ‘మెతక్సీ మాస్’ అంటే సరిగ్గా మన ‘మనలో మన మాట’. మా చీఫ్ ఇంజనీరు జీతాల సంగతి ఎత్తేముందు తలుపు దగ్గరగా వేసి ఈ మాటే అనేవాడు.

ఫోను చూపించిన మిగతా మూడు ‘అనామెస’, ‘మేస’, ‘మేసి’ అయి ఉంటాయి. అనామెస కూడా మధ్యనే. గుంపులో చిక్కుకున్నవాడికి, రెండు గోడల సందులో ఇరుక్కున్న పిల్లికి బాగా నప్పుతుంది. కొట్టుకు అంత ఇరుకు పేరు ఎందుకు? మేస అంటే లోపల. మేసి అంటే నడిమి భాగం, నడుము కూడా.

ఆ మేసితో నేను పడ్డ తిప్పలు చెప్పాలి. పిరేయస్ రేవులో ఒకసారి వాల్వు ఎత్తుతుంటే నడుం పట్టేసింది. వంగి వంగి మందుల షాపుకు వెళ్లాను. కౌంటరు వెనక ఉన్నావిడ ‘ఈ మేసి?’ అని అడిగింది. ఓడలో పొద్దస్తమానం ‘మేస! మేస!’ అని కేకలేసి మమ్మల్ని లోపలికి తోలేవారు కాబట్టి నాకు తెలిసిందల్లా ఆ మాటే. నొప్పి లోపలా అని అడుగుతోందనుకుని, అవును లోపలే అన్నట్టు కడుపు చూపించాను. ఆవిడ అరుగుదల మందు తీసి బల్లమీద పెట్టింది. అప్పుడు వెనక్కి తిరిగి నడుముమీద చెయ్యి వేసి చూపించాను. ఆవిడ నవ్వాపుకోలేక, తన నడుముమీద కొట్టుకుని ‘మేసి, మేసి’ అని పాఠం చెప్పి పట్టీ ఇచ్చింది. ఓడకు తిరిగి వెళ్తుంటే తట్టింది. నడుమ, నడుము! మనమూ అదే పని చేశాం. ఒడియాలో మధ్యకు ‘మఝి’ అని, నడుముకు ‘అంటా’ అని వేరువేరు మాటలు. ఎక్కడో ఉన్న గ్రీకుకూ మనకూ కుదిరింది కానీ పక్కింటి ఒడియాకు కుదరలేదు.

ఇక అసలు సంగతి. ‘మెతక్సీ’ని చివర ఒత్తి పలకాలి. ఒత్తు కాస్త ముందుకు జరిగి ‘మెతాక్సి’ అయిందంటే అర్థం పట్టు! నిజంగా పట్టే. పట్టుపురుగుల గుడ్లు 6వ శతాబ్దంలో, జస్టీనియన్ చక్రవర్తి కాలంలో వాళ్ల దేశం చేరాయి. వాటి రహస్యం చెప్పిన సన్యాసులు ఇండియా నుంచి వచ్చారని ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు రాశాడు. ఇన్ని శతాబ్దాల తర్వాత బరంపురం నుంచి ఆ మాటను మీ అమ్మాయి వెనక్కి పిలుస్తోంది.

బోర్డు రాయించేటప్పుడు మాత్రం దగ్గర నిలబడండి. గ్రీకులు పెద్ద అక్షరాలతో రాస్తే ఒత్తు గుర్తు పెట్టరు. చివరి అక్షరం ఇంగ్లిషు వై లాగా ఉంటే ‘మధ్య’, ఒట్టి నిలువు గీతగా ఉంటే ‘పట్టు’. పెయింటరు పొరపాటున గీత గీసినా దిగులు పడకండి. కుంభం అంచు పట్టుచీరలు అమ్మే కొట్టుకు అదీ పేరే.

ప్రశ్న: మిడిల్‌కూ సెంటర్‌కూ గ్రీకులో ఒకటే మాటా? ‘కేంద్రం’ సంస్కృతం నుంచి వచ్చిందేనా? (డిగ్రీ విద్యార్థి, రాయగడ)

జవాబు: రెండూ వేరు తమ్ముడూ. మిడిల్ అంటే ‘మేసొస్’. మన ‘మధ్య’కు వరసకు అన్న అవుతుంది, ఒకే మూలం నుంచి పుట్టినవి. మేసొస్ పక్కన నది అనే అర్థమున్న ‘పొతమొస్’ చేరితే మెసొపొటేమియా, అంటే టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడిమి సీమ. నువ్వు సైన్సు చదువుతుంటే ఇంకొకటి. ఎలక్ట్రానుకూ ప్రోటానుకూ మధ్య బరువున్న కణం ఒకటి ఉండాలని జపాను శాస్త్రవేత్త యుకావా 1935లో ఊహించాడు. దాన్ని ‘మీసోట్రాన్’ అనసాగారు. గ్రీకు ధాతువులో ‘ట్ర’ లేదు, ‘మీసాన్’ చాలు అని 1939లో ‘నేచర్’ పత్రికలో రాసింది మన హోమీ భాభా. ఆ పేరే నిలిచింది.

సెంటర్ కథ వేరు. ‘కెంట్రొన్’ అంటే మొదట ఎద్దును పొడిచే ములుకోల. తర్వాత వృత్తం గీసేటప్పుడు కదలకుండా గుచ్చి ఉంచే ముల్లు, ఆ ముల్లు దిగిన చోటు. అది జ్యోతిషంతో పాటు మన దేశానికి వచ్చి ‘కేంద్రం’ అయింది. జాతకచక్రంలో 1, 4, 7, 10 స్థానాలను కేంద్రాలంటారు కదా, అదే. మిగతా స్థానాలకు జ్యోతిష్కులు వాడే పణఫర, ఆపోక్లిమ అనే పేర్లు కూడా అక్కడి సరుకే. కాబట్టి సంస్కృతం నుంచి మనకు వచ్చిన మాట నిజమే, కానీ సంస్కృతానికది అరువు సొమ్ము. ఇప్పటి గ్రీకులో దాన్ని ‘కేంద్రొ’ అని పలుకుతారు. ఏథెన్స్‌లో బస్సు దిగి దారి అడిగితే ‘కేంద్రొ’ అని చెయ్యి చూపించారు. నడిబొడ్డు అని అర్థం. నాకు మాత్రం కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి పంపుతున్నారేమో అనిపించింది.

ప్రశ్న: మా పెదనాన్న పెళ్లి సంబంధాలు కుదురుస్తారు. సరదాకు ఆయన విజిటింగ్ కార్డు మీద ‘మధ్యవర్తి’ని గ్రీకులో వేయిద్దామనుకుంటున్నాం. (పర్లాకిమిడి)

జవాబు: నిఘంటువు చూసి ‘మెసీతిస్’ అని వేయించేరు సుమా. బైబిల్లో దేవుడికీ మనుషులకూ మధ్యవర్తి అన్నచోట ఆ మాటే ఉంది, కాదనను. కానీ ఇవాళ వీధిలో మెసీతిస్ అంటే ఇళ్లూ స్థలాలూ చూపించే దళారి. పెళ్లిళ్ల పేరయ్యకు ‘ప్రొక్సెనితీస్’ అని వేరే మాట ఉంది, అది వేయించండి. లేకపోతే కార్డు చూసిన గ్రీకువాడెవడైనా మీ పెదనాన్నగారిని రెండు గదుల పోర్షను అద్దెకు దొరుకుతుందా అని అడుగుతాడు.