నడుం నొప్పికి సోడా తాగే ముందు

మల్లేశ్వరం, బెంగళూరు

నాయనా,

రాత్రి ఫోన్లో "నడుం నొస్తోంది, గ్యాస్ వీపులోకి ఎక్కింది పెద్దమ్మా, సోడా తాగుతాను" అన్నావు. వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఆ మాట విన్నాను. పేగులో గాలి పేగులోనే ఉంటుంది, వీపులోకి ఎక్కదు. అలాగని నీ నొప్పి అబద్ధం కాదు. కడుపు నుంచి వచ్చే నరాలూ వీపు నరాలూ వెన్నుపాములో ఒకే చోట కలుస్తాయి. పేగు ఉబ్బితే వీపు నొస్తున్నట్టే తోస్తుంది. తేన్పు వచ్చాకో, దొడ్డికి వెళ్లొచ్చాకో నొప్పి తగ్గిందంటే చాలావరకు సంగతి ఇదే.

నాకు ముందు అనుమానం నీ దినచర్య మీదే. మారతహళ్లి పీజీలో నిలబడి నాలుగు ముద్దలు మింగి క్యాబ్ ఎక్కుతావు. గబగబా తింటే అన్నంతో పాటు గాలీ లోపలికి పోతుంది. సోడాతో ఇంకా పోతుంది. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటన్నర, ఆపైన ఆఫీసులో సాయంత్రం దాకా ముందుకు వంగి కూర్చోవడం. నడుం కండరాలు బిగుసుకుంటాయి, పొట్ట నలుగుతుంది. నీళ్లు తాగకపోతే మలబద్ధకం. ముక్కితే ఆ ఒత్తిడి నడుం మీదే పడుతుంది.

చలికాలం వస్తే ఈ ఊరంతా అవరేకాళు, మన మదనపల్లె వైపు అనపగింజలు. గింజల్లో ఉండే కొన్ని చక్కెరలు మనకు అరగవు. పెద్దపేగులో సూక్ష్మజీవులు వాటిని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. నానబెట్టి తొక్క పితికి తీసిన అనపగింజల పితికిపప్పు మానేయమని నేను చెప్పను, రాత్రిపూట తక్కువ తిను. రాజ్మా, శనగలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి ఉడికించాలి. పాలు తాగాక ఉబ్బరం వస్తుంటే రెండు వారాలు మాని చూడు. పెరుగు చాలామందికి పడుతుంది.

నన్ను భయపెట్టింది వేరే మాట. నడుం నొప్పికి మందుల షాపులో బిళ్లలు కొని నెల రోజులుగా వేసుకుంటున్నానన్నావు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. దాంతో మంట, ఉబ్బరం. దానికి గ్యాస్ బిళ్ల. నడుం మళ్లీ నొస్తే మళ్లీ నొప్పి బిళ్ల. పుండు పడితే ఆ నొప్పి కూడా వీపులోకి రావచ్చు. ఇవాళే ఆపెయ్. మలం తారులా నల్లగా కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లు.

నా సంగతి కూడా విను. నూనె వంట తిన్నాక కుడి డొక్కలో మొదలై రెక్కల మధ్యకు పాకే నొప్పిని రెండేళ్లు గ్యాసనే అనుకున్నాను. చివరికి స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. అప్పట్నుంచి ఎవరు గ్యాసన్నా, నొప్పి ఎక్కడ మొదలై ఎటు పోతోందని అడుగుతాను. నడుం పక్క నుంచి గజ్జల్లోకి అలలు అలలుగా వస్తే కిడ్నీ రాయి కావచ్చు. పైకడుపులో మొదలై వీపులోకి దూసుకుపోతూ, ముందుకు వంగితే కాస్త నెమ్మదిస్తే క్లోమగ్రంథిని (పాంక్రియాస్) అనుమానించాలి. మద్యం తాగేవాళ్లలో ఆ జబ్బు ఎక్కువ.

ఛాతీలో బరువు, చెమట, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే మాత్రం జీలకర్ర నీళ్లు కాచుకుంటూ కూర్చోకు. 108కి ఫోన్ చెయ్. ఈసీజీ తీయకుండా దాన్ని గ్యాసని ఎవరూ చెప్పలేరు. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా అంతే తొందర. అవి వెన్ను నరాలు నలుగుతున్న గుర్తులు.

మీ అమ్మకూ మూడు వారాలుగా పొట్ట ఉబ్బరం, నడుం నొప్పి అట. యాభై దాటిన ఆడవాళ్లలో అలా తగ్గకుండా ఉంటే అండాశయాలు చూపించాలి. అది నువ్వు దగ్గరుండి చేయించు.

భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు నడువు. గంటకోసారి కుర్చీలోంచి లెయ్. రెండు వారాలకు తగ్గకపోయినా, బరువు తగ్గుతున్నా, జ్వరం వస్తున్నా డాక్టర్‌కు చూపించు. ఏం తిన్నావో, నొప్పి ఎప్పుడు వచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకుని ఆదివారం మధ్యాహ్నానికి ఇంటికి రా. రాగి సంగటి చేస్తాను, కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ