తెర మీద 84 రూపాయలు, చేతికొచ్చింది 87కి

యాప్‌లో 84 రూపాయలని కనిపిస్తే షేరు ఆ ధరకే వస్తుందా, మనం అమ్మితే కొనేది కంపెనీయేనా అని అడిగారు. రెండింటికీ జవాబు కాదనే అండి.

కంపెనీ తన షేర్లు అమ్మేది ఐపీఓ (మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం) లాంటి సందర్భాల్లోనే. ఆ తర్వాత మనం కొనేది, అమ్మేది మనలాంటి వాళ్లతోనే. షేర్ల బజారైన స్టాక్ ఎక్స్ఛేంజీ కంప్యూటర్ ఇద్దరినీ జతపరుస్తుంది, అంతే. తెర మీది ధర అంతకుముందు జరిగిన ఆఖరి లావాదేవీది. నాకిది తెలియడానికి దాదాపు 700 రూపాయలు ఖర్చయింది!

ఓ చిన్న కంపెనీ షేరు 84 దగ్గర ఉంటే, 200 షేర్లకు మార్కెట్ ఆర్డర్ పెట్టాను. ధర ఎంతైనా సరే వెంటనే ఇచ్చేయమని దాని అర్థం. అమ్మేవాళ్ల వరసలో 84.50కి 20, 86కి 50 మాత్రమే ఉన్నాయి. మిగిలిన 130 షేర్లు 88.40కి వచ్చాయి. 16,800 అవుతుందనుకున్నది 17,482 అయింది. కొనే బటన్‌కు కాస్త పైనే ఆ వరస మొత్తం కనిపిస్తూనే ఉంది, నేనే చూడలేదు. అప్పటి నుంచి లిమిట్ ఆర్డర్ తప్ప వేరేది పెట్టను. నేను రాసిన ధర దాటి ఒక్క పైసా పోదు. దొరక్కపోతే సాయంత్రం 3.30కి మార్కెట్ మూశాక ఆర్డర్ రద్దవుతుంది.

అమ్మకంలో ఇంకో చిక్కుంది. ఒకసారి నా షేరు లోయర్ సర్క్యూట్‌లో పడింది, అంటే ఆ రోజుకు అనుమతించిన కనిష్ఠ ధర దగ్గర ఆగిపోయింది. కొనేవాళ్ల గడి ఖాళీ. ఒకే ధరకు అందరూ అమ్ముతుంటే ముందు వచ్చిన ఆర్డర్‌కే ముందు వంతు. నేను తీరిగ్గా పదకొండింటికి వరసలో చేరాను. రోజూ మళ్లీ ఆర్డర్ పెట్టినా మూడు రోజుల దాకా నా వంతు రాలేదు.

కొన్న షేర్లు మరుసటి పనిదినానికి డీమ్యాట్ ఖాతాలో, అంటే షేర్లను ఎలక్ట్రానిక్‌గా దాచే ఖాతాలో పడతాయి. 2023 జనవరికి ముందు చాలా షేర్లకు రెండు రోజులు పట్టేది. డెలివరీకి, అంటే అదే రోజు తిప్పి అమ్మేయకుండా ఖాతాలోకి తీసుకునే పద్ధతిలో, కొన్నా అమ్మినా ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల మీద పన్ను) విలువలో 0.1 శాతం. అమ్మినప్పుడు, డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు బయటకు పంపినందుకు డీపీ ఛార్జి వేరుగా పడుతుంది, సాధారణంగా షేర్ల సంఖ్యతో దానికి పని లేదు. అందుకే ఒక్క షేరు కొని అమ్మి చూద్దామనుకుంటే, కాస్త ఖరీదైన షేరే ఎంచుకోండి. ముప్పై రూపాయల షేరైతే ఛార్జీలకే సగం పోవచ్చు.