గిట్ కోసం అమీర్‌పేట హాస్టల్ ఎందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తాను. మా బాబు సీఎస్ఈ మూడో సంవత్సరం. కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే గిట్ పనులన్నీ, కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో బటన్లు నొక్కి చేస్తాడట. అలాంటివాళ్ళకు ఉద్యోగాలు రావని, టెర్మినల్‌లో కమాండ్లు కొట్టడం రావాలని సీనియర్లు అన్నారట. అప్పటి నుంచి దిగులుగా ఉన్నాడు. అమీర్‌పేటలో డెవాప్స్ (సర్వర్లు నడిపే పని) కోర్సులో చేర్పిస్తే అదీ వస్తుందంటున్నారు. మా బావమరిది కొడుకు అదే చేశాడు. అప్పు చేసి పంపాలా? ఎడిటర్ మేలా, టెర్మినల్ మేలా?

జవాబు: అప్పు మాత్రం చేయకండి.

జావానా పైథానా అని అడిగినా, ఎడిటరా టెర్మినలా అని అడిగినా, లోపలి భయం ఒకటే. మన ఊరి పిల్లవాడు హైదరాబాద్ పిల్లల పక్కన తేలిపోతాడేమోనని. బటన్లు నొక్కినంత మాత్రాన ఎవరూ తేలిపోరండీ. లినక్స్ సృష్టించిన లినస్ టోర్వాల్డ్స్ 2005లో దాని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పని కోసం గిట్ రాశారు. మూడేళ్ళు తిరిగేసరికి ఈమాక్స్ ఎడిటర్‌లోంచే దాన్ని నడిపే మాగిట్ వచ్చింది. అందులో ‘ఎస్’ కొడితే స్టేజ్ (నమోదుకు మార్పులు ఎంచి పెట్టడం), ‘సీ’ రెండుసార్లు కొడితే కమిట్ (వాటిని నమోదు చేయడం). తలపండిన ప్రోగ్రామర్లు ఈ రోజుకీ దాన్ని వాడుతున్నారు, కమాండ్లు రాక కాదు. ఫైల్లో మార్చినవాటిలో కొన్ని లైన్లే కమిట్ చేయాలంటే, కళ్ళతో చూసి ఎంచుకోవడం సులువు.

మీ మిల్లు పద్దు పుస్తకమే చూడండి. ఏ రోజు, ఎవరు, ఏం మార్చారు, ఎందుకు అన్నది రాసి పెట్టడమే కమిట్. పెన్నుతో రాశారా, కంప్యూటర్లో కొట్టారా అని సేటు అడగడు. పద్దు సరిగ్గా పడిందా అనే చూస్తాడు.

అయితే బాబు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఏ ఫైలూ స్టేజ్ చేయకుండా కమిట్ నొక్కితే, అన్నీ కలిపి చేసేయమంటారా అని వీఎస్ కోడ్ అడుగుతుంది. చాలామంది విసుగుతో ‘ఆల్వేస్’ నొక్కేస్తారు. ఇక అది అడగడం మానేస్తుంది. ఏదో ఒక రోజు పాస్‌వర్డ్ ఉన్న ఫైలు కూడా కమిట్‌లో కలిసి, కోడ్ దాచే వెబ్‌సైట్ గిట్‌హబ్‌కు వెళ్తుంది. తర్వాత ఫైలు తీసేసినా పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చుకోవాల్సిందే.

అందుకే అవుట్‌పుట్ ప్యానెల్ తెరిచి, జాబితాలో గిట్ ఎంచుకోమనండి. తాను నొక్కిన ప్రతి బటన్ వెనక ఏ కమాండ్ నడిచిందో వరసగా కనిపిస్తుంది. ఇంతకు మించిన కోచింగ్ లేదు. ‘సింక్’ నొక్కితే ముందు పుల్ (కొత్త మార్పులు తెచ్చుకోవడం), తర్వాత పుష్ (మనవి పంపడం) అని అక్కడే తెలుస్తుంది. టెర్మినల్ అసలే వద్దని కాదు. సర్వర్‌లోకి వెళ్తే ఎడిటర్ ఉండకపోవచ్చు. స్టేటస్, లాగ్, డిఫ్, రెఫ్‌లాగ్ కమాండ్లు చేతికి వస్తే ప్రస్తుతానికి చాలు. గిట్ వెబ్‌సైట్‌లో పుస్తకమే ఉచితంగా ఉంది.

ఇక డెవాప్స్ గురించి. నాకు దాని మీద మొదటి నుంచీ అనుమానమే. పని మంచిదే, జీతాలూ బాగుంటాయి. కానీ నడుస్తున్న సర్వర్ల తాళాలు నిన్న డిగ్రీ అయినవాడి చేతిలో ఏ కంపెనీ పెడుతుంది? కోడ్ రాసి, అది రాత్రిపూట పగిలితే లేచి సరిచేసిన అనుభవం ఉన్నవాళ్ళు అటు వెళ్తే నిలబడతారు. కోర్సులో పది టూల్స్ పేర్లు చెప్తారు, రెజ్యూమె నిండుతుంది. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే పిల్లలు నీళ్ళు నములుతారు.

మీరు ఏమనుకున్నా సరే, ఇంకో మాట. బావమరిది కొడుకు ఆ కోర్సు చేశాడని రాశారు, ఉద్యోగం వచ్చిందని రాయలేదు. వచ్చి ఉంటే ముందు అదే రాసేవారు. ఆ పోలిక మీ బాబు ముందు ఎన్నిసార్లు తెచ్చారో గుర్తు చేసుకోండి. వాడి దిగులులో సీనియర్ల వంతు కొంతే, మీ వంతు చాలా ఉంది.

వాడు గిట్ వాడుతున్నాడంటేనే చాలామంది కంటే ముందున్నట్టు. పైసలు పెట్టాలనే ఉంటే ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచండి. ఈ సెలవుల్లో స్నేహితుడితో కలిసి ఒకే ప్రాజెక్టు మీద పని చేయమనండి. ఇద్దరూ ఒకే లైను మార్చి, కావాలనే కాన్‌ఫ్లిక్ట్ తెచ్చుకోవాలి. ‘కరెంట్’ ఎవరిది, ‘ఇన్‌కమింగ్’ ఎవరిది అని చూసి ఎంచుకోవాలి. రీబేస్‌లో (మన కమిట్లను అవతలివాటి పైన మళ్ళీ పేర్చడంలో) ఆ రెండూ తారుమారవుతాయి, అదీ ఒకసారి చేసి చూడాలి. ఇంటర్వ్యూలో గిట్ ఎలా వాడతావంటే వీఎస్ కోడ్‌లోనే అని ధైర్యంగా చెప్పమనండి. ఆ వెంటనే కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఏం చేస్తావని అడుగుతారు, దానికి సిద్ధమవ్వాలి.